మనం లాగే కేబుల్‌కు 160 ఏండ్ల కథ

పోయినసారి షట్టరింగ్ గురించి రాస్తే చాలామంది చదివిన్రు. ఈసారి మన ఎమ్‌ఈపీ తమ్ముళ్లు అడిగిన సంగతి. "అన్నా, ఈ నీలం వైరు రోజూ డబ్బాలకు డబ్బాలు లాగుతున్నం. 90 మీటర్లు దాటొద్దంటరు, మెలిక విప్పొద్దంటరు, గట్టిగ గుంజొద్దంటరు. ఎందుకంటే మాత్రం ఎవ్వరూ చెప్పరు" అని. చెప్పాలంటే చాలా ఎనకకు పోవాలె. పోస్టు పొడుగుంటది, శుక్రవారం తీరుబడిగ చదువుకోండి.

ఎనకకు అంటే అమెరికాకు కాదు, ముందు మన పక్కకే. ఈద్ సెలవులకు ఒమన్ దిక్కు ఖసబ్ పోయి పడవ ఎక్కినోళ్లకు కొండల నడుమ సముద్రంలో ఒక చిన్న రాతి దీవి చూపిస్తరు. దాన్ని టెలిగ్రాఫ్ ఐలాండ్ అంటరు, అరబ్బీలో జజీరత్ అల్ మఖ్లబ్. అక్కడ ఇప్పుడు పాత గోడల ఆనవాళ్లు తప్ప ఏమీ లేవు. కానీ 1860లలో లండన్ నుంచి ఇండియాకు పోయే తంతి వార్త ఆ దీవి మీద దిగి పోయేది.

అంతకుముందు లండన్ కబురు ఇండియాకు రావాలంటే ఓడలో వారాలు పట్టేది. 1857 తిరుగుబాటు తర్వాత బ్రిటిషోళ్లకు భయం పట్టుకుంది, కబురు తొందరగా రావాలె అని. 1859-60లో ఎర్రసముద్రం గుండా తీగ వేశారు. అది పనికిరాకుండా పోయింది, డబ్బంతా నీళ్లపాలు. మళ్లీ 1864లో గల్ఫ్ సముద్రంలో వేశారు. గ్వాదర్ నుంచి ముసందం, అక్కడి నుంచి బుషెహర్, అక్కడి నుంచి ఇప్పటి ఇరాక్‌లో ఉన్న ఫావ్ దాకా. కేబుల్ ఇంగ్లండులో తయారై, ఆఫ్రికా చుట్టూ తిరిగి తెరచాప ఓడల్లో బొంబాయికి వచ్చింది. 1865లో తుర్కీ వాళ్ల తీగతో కలిపినంక లండన్‌కు, ఇండియాకు తంతి నడిచింది. ముసందం దీవి మీద గుమాస్తాలు ఆ ఎండకు, ఆ ఒంటరితనానికి ఎట్ల ఉన్నరో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. కొన్ని ఏండ్లకే ఆ స్టేషన్ ఎత్తేశారు.

ఇంతకూ ఆ కేబుల్ లోపల ఏముండె? నడుమ రాగి తీగ. దాని మీద గట్టపర్చా అని మలయా దిక్కు చెట్టు నుంచి తీసే జిగురు, నీళ్లు తగలకుండా. దాని మీద జనపనార, పైన ఇనుప తీగల కవచం. ఇప్పుడు మన సైట్లో ట్రెంచ్‌లో వేసే ఆర్మర్డ్ కేబుల్ కోసి చూడండి. రాగి, ఇన్సులేషన్, లోపలి పొర, ఇనుప తీగలు, పైన తొడుగు. పదార్థం మారింది, వరుస మాత్రం అదే.

ఆ తీగకు ఒక లోపం ఉంది. ఒకసారి ఒక దిక్కు ఒకరే మాట్లాడాలె. తర్వాత టెలిఫోన్ వచ్చినా ఇదే బాధ. మేము వచ్చిన కొత్తలో కాలింగ్ కార్డు గీకి, అంత పొడుగు నంబరు కొట్టి ఇంటికి మాట్లాడేటోళ్లం. ఆ కాల్ నడిచినంతసేపు ఇక్కడి నుంచి ఊరి దాకా ఒక దారి మనకే కట్టిపెట్టినట్టు. అమ్మ ఏడుస్తూ ఏమీ మాట్లాడకున్నా ఆ దారి ఖాళీగనే ఉంటది, కార్డులో పైసలు మాత్రం కరుగుతనే ఉంటయి. ఒక తీగను వెయ్యి మంది కలిసి వాడుకునుడు ఎట్ల? నెట్‌వర్క్ చరిత్ర అంతా ఈ ఒక్క ప్రశ్నే అని మాకు అనిపిస్తది.

1960లలో దీనికి ఇద్దరు వేరువేరుగా జవాబు కనుక్కున్నరు. అమెరికాలో పాల్ బారన్, ఇంగ్లండులో డోనాల్డ్ డేవిస్. బారన్ ఆలోచించింది అణుబాంబు పడి కొన్ని తీగలు తెగినా కబురు ఎట్ల పోవాలె అని. డేవిస్ ఆలోచించింది ఖరీదైన కంప్యూటర్‌ను చాలామంది ఒకేసారి ఎట్ల వాడుకోవాలె అని. ఇద్దరికీ దొరికింది ఒకే ఉపాయం: కబురును ముక్కలు చెయ్యి. ఆ ముక్కకు ప్యాకెట్ అని పేరు పెట్టింది డేవిస్.

టవర్ క్రేన్‌ను ఒక సైటు నుంచి ఇంకో సైటుకు ఎట్ల తీసుకపోతరో మనకు తెలుసు. నిలబెట్టినట్టే రోడ్డు మీద తీసుకపోలేం. మాస్ట్ సెక్షన్లు విడదీసి, నంబర్లేసి, ట్రెయిలర్ల మీద పంపుతం. ఒక ట్రెయిలర్ ఎమిరేట్స్ రోడ్డు మీదుగా వస్తది, ఇంకొకటి ట్రాఫిక్ చూసి వేరే దారి పడుతది. ముందు పోయింది ఎనక రావచ్చు. సైట్లో నంబర్లు చూసి వరుసగా పేరుస్తరు. ఒక సెక్షన్ రాకుంటే ఫోన్ చేసి మళ్లీ అడుగుతరు. మీరు ఊరికి పంపే ఫొటో పోయేది కూడా అచ్చం ఇట్లనే. రోడ్డు ఎవ్వరి పేరు మీదా కట్టిపెట్టి ఉండదు, అందరి ట్రెయిలర్లూ ఒకే రోడ్డు మీద నడుస్తయి.

ఈ పద్ధతిలో అమెరికాలో అర్పానెట్ అని కట్టారు. 1969 అక్టోబరు 29న లాస్ ఏంజెలిస్ యూనివర్సిటీ నుంచి స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థకు మొదటి కబురు పంపిన్రు. 'లాగిన్' అని కొట్టాలనుకున్నరు. ఎల్ పోయింది, ఓ పోయింది, అవతలి మిషన్ పడిపోయింది. ప్రపంచంలో మొట్టమొదటి నెట్‌వర్క్ కబురు 'లో' అన్నమాట! గంట తర్వాత మళ్లీ కొడితే పని చేసింది. రెండు చోట్లా కంప్యూటర్‌కు ముందు ఐఎమ్‌పీ అని ఫ్రిజ్ అంత పెట్టె ఒకటి ఉండె. ముక్కలు తీసుకొని దారి చూపుడే దాని పని. మన రూంలో మూలకు వేలాడే రౌటర్‌కు అదే తాత.

ఇది దూరపు సంగతి. ఒక్క బిల్డింగ్‌లో వంద కంప్యూటర్లు కలుపుడు ఇంకో తలనొప్పి. దానికి దారి చూపింది హవాయి దీవులు. అక్కడ దీవికీ దీవికీ సరైన ఫోన్ తీగ లేక, నార్మన్ అబ్రామ్సన్ అనే ప్రొఫెసర్ 1971లో రేడియోతో కంప్యూటర్లను కలిపిండు. అలోహానెట్ అని పేరు. రేడియో అంటే మన వాకీటాకీనే అనుకోండి. క్రేన్ ఆపరేటర్, రిగ్గర్, బ్యాంక్స్‌మన్ అందరిదీ ఒకటే ఛానల్. ఇద్దరు ఒక్కసారి బటన్ నొక్కితే ఎవ్వరి మాటా వినబడదు, గర్రుమంటది. అప్పుడు ఏం చేస్తం? ఆగి, కొంచెంసేపైనంక మళ్లీ నొక్కుతం. ఇద్దరూ ఒకే అంత ఆగితే మళ్లీ గుద్దుకుంటరు గనుక, ఎవరికి తోచినంత వాళ్లు ఆగాలె. అలోహా సూత్రం అంతే.

ఇది చదివి 1973లో కాలిఫోర్నియాలో జిరాక్స్ పరిశోధన కేంద్రంలో బాబ్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ అనే ఇద్దరు అదే పనిని తీగ మీద చేసిన్రు. ఒక మెరుగు కూడా పెట్టిన్రు: మాట్లాడే ముందు విను, ఎవరన్నా మాట్లాడుతుంటే ఆగు. దానికే ఈథర్‌నెట్ అని పేరు. ఇప్పటికీ మనం లాగే ప్రతి డేటా కేబుల్ మీద నడిచేది అదే.

కానీ ఆనాటి కేబుల్ చూస్తే మీరు నవ్వుతరు. 1980లలో వాడింది వేలు లావు కోయాక్సియల్, ఎక్కువగా పసుపు రంగు. నీళ్ల పైపు లాగ బిర్రుగ, వంచితే వంగదు. ఒకే కేబుల్ 500 మీటర్ల దాకా బిల్డింగంతా పాములాగ తిరిగేది. ప్రతి రెండున్నర మీటర్లకు నల్ల గుర్తు. కంప్యూటర్ పెట్టాలంటే ఆ గుర్తు దగ్గర కేబుల్‌కు బొక్క పెట్టి, ముల్లు ఉన్న క్లాంప్ బిగించేటోళ్లు, ముల్లు లోపలి రాగికి తగిలేదాకా. రక్తం తాగేటట్టు కొరుకుతది గనుక దాన్ని వ్యాంపైర్ ట్యాప్ అన్నరు. తర్వాత సన్న కోయాక్స్ వచ్చింది, డిష్ వైరు లాంటిది. అది చౌక, వంగుతది. కానీ నడుమ ఒక్కరి టేబుల్ కింద కనెక్టర్ ఊడినా ఆ లైన్ మీదున్న అందరికీ బందు. పాతకాలం పెళ్లి సీరియల్ లైట్ల లెక్క. ఏ బల్బు పోయిందో వెతుకుతూ టెక్నీషియన్ టేబుల్ టేబుల్ కింద దూరాలె.

అప్పుడు వచ్చింది మన మెలిక వైరు. మెలిక మాత్రం కొత్తది కాదు. టెలిఫోన్ గ్రహాంబెల్ 1881లోనే దానికి పేటెంట్ తీసుకున్నడు. ఆ కాలంలో ఒక లైన్ మీద మాట్లాడుతుంటే పక్క లైన్ మాటలు కూడా వినబడేవి. రెండు తీగలను జడలాగ మెలేస్తే ఆ గోల తగ్గింది. ఎందుకంటే, జతలో ఒక తీగ మీద సిగ్నల్ ఒక దిక్కు పోతే రెండో దాని మీద ఉల్టా పోతది. బయటి నుంచి గోల పడితే, మెలిక ఉంది గనుక రెండింటి మీదా దాదాపు సమానంగ పడుతది. అవతలి చివర రెండింటి తేడా మాత్రమే చూస్తరు. సమానంగ పడ్డది తేడాలో కొట్టుకపోతది, సిగ్నల్ మిగులుతది. నాలుగు జతలు పక్కపక్కనే ఉంటయి గనుక ఒకదాని మాట ఇంకొకదానికి అంటకుండా ఒక్కో జతకు ఒక్కో మెలిక. నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమ జతలు విప్పి కొలిచి చూడండి, ఏ రెండూ ఒక తీరు ఉండవు. అందుకే జాక్ కొట్టేటప్పుడు అర అంగుళం కంటే ఎక్కువ మెలిక విప్పొద్దనేది. విప్పిన కాడ కాపలా లేనట్టే. 11 కిలోల కంటే ఎక్కువ బలంతో గుంజొద్దనేది కూడా దీనికే. గుంజితే రాగి సాగుతది, మెలిక సడలుతది. పైకి కేబుల్ మంచిగనే కనబడతది, మీటర్ పెట్టినప్పుడు బయటపడుతది.

1990లో ఈ మెలిక వైరు మీద ఈథర్‌నెట్ నడుపుడుకు ఒక ప్రమాణం పెట్టారు. ఆఫీసు బిల్డింగులలో టెలిఫోన్ వైరు ఎట్లాగూ ఉంది, అదే దారిలో పోనిద్దాం అని. పాములాగ తిరిగే లైన్ పోయి, ప్రతి టేబుల్ నుంచి నేరుగా ఒక గదికి వైరు వచ్చింది. ఆ గదే మన టెలికాం రూం. ఒక వైరు పోతే ఒక్కరికే పోతది. 100 మీటర్ల హద్దు అక్కడి నుంచే: గోడ లోపల 90, రెండు దిక్కులా ప్యాచ్ కార్డులకు 10. అది దాటితే సిగ్నల్ సన్నబడుతది.

ఈ లెక్క తెలిసి ఉంటే ఏం లాభమో ఒక సంగతి చెప్తం. పేరు ఎందుకు గానీ, ఒక టవర్ సైట్లో ఒక అంతస్తులో ఒక మూల పాయింట్లన్నీ టెస్టులో ఫెయిలైనయి. లేబర్ గట్టిగ గుంజిన్రు, వాళ్ల జీతంలో కోత పెట్టండి అన్నరు కాంట్రాక్టర్ మనుషులు. మాతో ఉన్న సిరిసిల్ల తమ్ముడు ఒకడు, హెల్పర్, టెస్టర్ స్క్రీన్ చూసి "సార్, ఇక్కడ లెంత్ 108 ఉంది గదా" అన్నడు. డ్రాయింగ్ తీసి చూస్తే ట్రే కారిడార్ చుట్టూ తిప్పి గీసి ఉంది. గుంజినా గుంజకున్నా అది ఫెయిలే. కోత ఆగింది, రూట్ మార్చిన్రు. ఆ తమ్మునికి ఆ లెక్క ఎక్కడ తెలిసిందంటే, పాత సూపర్‌వైజర్ ఒకాయన చాయ్ టైంలో చెప్పిండట. చదువు ఇంటర్ ఫెయిల్.

ఇక టెలికాం రూంలో ర్యాక్ సంగతి. మొదట్లో ఆ గదిలో పెట్టింది హబ్. హబ్ అంటే మెస్సులో నిలబడి "రాజన్నకు ఫోన్ వచ్చింది" అని అరిచినట్టు. అందరికీ వినబడతది, రాజన్న ఒక్కడు లేస్తడు. ఇద్దరు ఒకేసారి అరిస్తే మళ్లీ గొడవే. 1990లోనే కాలిఫోర్నియాలో కల్పన అనే చిన్న కంపెనీ ఈథర్‌నెట్ స్విచ్ తెచ్చింది. పెట్టిందాంట్లో వినోద్ భరద్వాజ్ అనే మనదేశపాయన ఒకరు, పేరు చూస్తేనే తెలుస్తది గదా. దాన్ని 1994లో సిస్కో కొన్నది. స్విచ్ అరవదు. ఏ పోర్టులో ఎవరున్నరో గుర్తు పెట్టుకొని, వాళ్లకే నేరుగ అందిస్తది. మంచి క్యాంప్ బాస్ లెక్క, రాజన్న ఏ రూంలో ఉన్నడో తెలుసు, పోయి తలుపు కొడతడు.

గుర్తు పట్టేది నంబరుతోని. ప్రతి మిషన్‌కు రెండు నంబర్లు ఉంటయి. ఒకటి మ్యాక్ నంబరు, ఫ్యాక్టరీలో పడేది. అది మన పాస్‌పోర్ట్ నంబర్ లెక్క, ఎక్కడికి పోయినా వెంట వస్తది. రెండోది ఐపీ నంబరు, అది క్యాంపులో రూం నంబరు, బెడ్ నంబరు లెక్క. క్యాంపు మారితే మారుతది. స్విచ్ చూసేది మొదటిది, రౌటర్ చూసేది రెండోది. స్విచ్ ఒక క్యాంపు లోపలి పని చేస్తే, రౌటర్ గేటు కాడ నిలబడి ఈ ముక్క ఏ క్యాంపుకు పోవాలె, ఏ బస్సు ఎక్కించాలె అని చూస్తది. వేరువేరు నెట్‌వర్కులు ఒకరి భాష ఒకరికి తెలిసేటట్టు రాసిన ఒప్పందం వింట్ సెర్ఫ్, బాబ్ కాన్‌లది, 1974లో రాసిన్రు. 1983 జనవరి 1న అర్పానెట్ మొత్తం దాని మీదికి మారింది. ఇంటర్నెట్ పుట్టినరోజు అంటే చాలామంది చెప్పేది ఆ తేదీనే.

వాళ్లు అప్పుడు పెట్టిన ఐపీ నంబర్లు దాదాపు 430 కోట్లు. ఇంతమంది చేతిలో ఇన్ని ఫోన్లు వస్తయని అప్పుడు ఎవరనుకున్నరు? నంబర్లు సరిపోక ఒక ఉపాయం వేశారు. ఇక్కడ మనకు ఉత్తరం పేరు మీద ఇంటికి రాదు, కంపెనీ పీఓ బాక్సుకు వస్తది, అక్కడి నుంచి ఎవరిది వాళ్లకు పంచుతరు. రూంలో పది ఫోన్లున్నా బయటకు కనబడేది రౌటర్‌ది ఒక్కటే నంబరు. లోపల ఎవరిది ఎవరికో రౌటర్ పంచుతది.

వైఫై ఉంది గదా, వైరు ఎందుకు అంటరు కొందరు. వైఫై ప్రమాణం 1997లో వచ్చింది, హవాయి వాకీటాకీకి మనుమడు. అందరూ ఒకే గాలి పంచుకోవాలె, ఆగి ఆగి మాట్లాడాలె. అందుకే రాత్రి తొమ్మిదికి క్యాంపంతా ఒక్కసారి ఇంటికి వీడియో కాల్ కలిపితే బొమ్మ ఆగి ఆగి వస్తది. ఆ సీలింగ్‌కు తగిలించిన తెల్ల పళ్లెం ఎనక చూడండి, మనం లాగిన వైరే ఉంటది. కరెంటు కూడా అదే వైరు మీద ఎక్కుతది.

బిల్డింగ్ దాటినంక రాగి పని అయిపోతది, అక్కడి నుంచి గాజు. 1966లో ఇంగ్లండులో పనిచేసే చార్లెస్ కావో అనే చైనా ఇంజనీరు, గాజు శుద్ధంగ ఉంటే దాని లోపల వెలుగుతో కబురు పంపొచ్చు అని లెక్క కట్టి చెప్పిండు. కిలోమీటరు పోయినంక నూటికి ఒక వంతు వెలుగు మిగిలినా చాలన్నడు. అప్పటి గాజులో అది కూడా మిగలకపోయేది. 1970లో అమెరికాలో కార్నింగ్ కంపెనీ ఆ గీత దాటింది. ఇప్పటి ఫైబర్‌లో కిలోమీటరుకు నూటికి 95 వంతులు మిగులుతది. కావోకు నోబెల్ వచ్చింది 2009లో, లెక్క కట్టిన 43 ఏండ్లకు.

1997లో ఇంగ్లండు నుంచి జపాన్ దాకా ఫ్లాగ్ అనే ఫైబర్ కేబుల్ సముద్రంలో పడ్డది. అది ఫుజైరాలో, ముంబైలో ఒడ్డెక్కుతది. ముసందం దీవి కాడికీ ఫుజైరాకూ దూరం ఎంతో మీకు తెలుసు. లండన్‌కు, బొంబాయికి నడుమ 1864లో ఏ నీళ్ల పక్కన తీగ దిగిందో, 133 ఏండ్లకు అటు దిక్కే గాజు దిగింది. ఇట్లాంటి కేబుళ్లు లోతు సముద్రంలో బొటనవేలంత లావు ఉంటయి, ఒడ్డు దగ్గర ఇనుప కవచంతోని లావుగ ఉంటయి. వెలుగు సన్నబడకుండ దారిలో పెట్టెలు ఉంటయి, వాటికి కరెంటు ఒడ్డు నుంచే పోవాలె.

2008 గుర్తున్నోళ్లు ఇంకా మనలో ఉన్నరు. జనవరి 30న ఈజిప్టు దిక్కు అలెగ్జాండ్రియా దగ్గర రెండు కేబుళ్లు తెగినయి. రెండు రోజులకు, ఫిబ్రవరి 1న, దుబాయ్‌కి 56 కిలోమీటర్ల దూరంలో ఫాల్కన్ అనే కేబుల్ తెగింది. ఇక్కడా, ఇండియాలోనూ నెట్ సగం పడిపోయింది. శుక్రవారం నెట్ కేఫ్‌లో గంటకు పైసలు కట్టి కూర్చుంటే యాహూ మెసెంజర్ తిరుగుతనే ఉండె. ఊర్ల నుంచి ఏమైందో అని అందరికీ కంగారు. యుద్ధమని ఒకరు, తిమింగలం కొరికిందని ఒకరు. రిపేరు ఓడ పోయి చూస్తే ఫాల్కన్ దగ్గర దొరికింది ఒక ఓడ వదిలేసిన లంగరు, ఐదారు టన్నులది. 2025 సెప్టెంబరులో కూడా జెడ్డా దగ్గర ఎర్రసముద్రంలో కేబుళ్లు తెగి ఇక్కడా ఇండియాలోనూ నెట్ నెమ్మదించింది, ఈసారి చాలామందికి తెల్వనే తెల్వదు. దారులు ఎక్కువైనయి గనుక ముక్కలు వేరే రోడ్డు పట్టినయి. పాల్ బారన్ అన్నది అదే.

సముద్రంలో తెగిన కేబుల్ అతుకుడు ఎట్లంటే, ఓడ నుంచి కొక్కెం వేసి రెండు కొసలు పైకి లాగుతరు. నడుమ కొత్త ముక్క పెడతరు. ఓడ లోపల గదిలో ఒక మనిషి కూర్చొని వెంట్రుక అంత గాజు పోగు చివర శుభ్రంగ కోసి, మిషన్‌లో ఎదురెదురు పెట్టి, నిప్పురవ్వతో కరిగించి అతుకుతడు, ఒక్కో పోగూ. మన సైట్లో బేస్‌మెంట్‌లో స్ప్లైసర్ చేసేది కూడా ఇదే పని, మిషన్ కూడా అట్లాంటిదే. హెల్పర్ జీతానికి, స్ప్లైసర్ జీతానికి తేడా మీకు తెలుసు. మనోళ్లలో కేబుల్ లాగేటోళ్లు వందల మంది ఉన్నరు, స్ప్లైసింగ్ చేసేటోళ్లు వేళ్ల మీద లెక్క. ఆ పని నేర్చుకున్న తమ్ముళ్లు ఎవరన్న ఈ పోస్టు చదివితే, ఎక్కడ నేర్చుకున్నరు, ఎన్ని దినాలు పట్టింది, ఎంత ఖర్చయింది కింద రాయండి. మా క్యాంపులోనే ఆరుగురు అడుగుతున్నరు.